పండుగకు పిలుపు, స్మృతికి నిషేధము

మరల సెప్టెంబరు 17వ తేదీ సమీపించుచున్నది. జిల్లా కేంద్రములందు వేదికలకు వెదురుబొంగులు దిగుచున్నవి. కాగితపు తోరణములమ్మువారికి చేతినిండ పని దొరకినది. ఆహ్వానపత్రికయందు ఏ నాయకుని నామధేయము ముందు, ఎవరిది వెనుక అను విషయమై కార్యాలయములలో తర్జనభర్జనలు సాగుచున్నవి. 1948వ సంవత్సరమున సెప్టెంబరు 13న భారతసైన్యము హైదరాబాదు సంస్థానపు సరిహద్దులు దాటినది. అయిదవ దినమున, అనగా 17న, నిజాము తన ఓటమిని రేడియోలో ఒప్పుకొనెను. రజాకార్ల పీడ విరగడయ్యెను. అది స్మరింపదగిన దినమనుటలో నాకు సందేహము లేదు. ఆ దినమును పండుగ చేయవలెనని వీథులలో జెండా మోసినవారిలో నేనొకడను. కనుక పాఠక మహాశయులు నన్ను పండుగకు శత్రువని భావింపకుందురు గాక.

ఈ పండుగకు పేరొకటి కుదిరినదా? మహారాష్ట్రమున మరాఠ్వాడావారు దీనిని ముక్తిసంగ్రామ దినమందురు. కర్ణాటకమున కల్యాణ కర్ణాటకులు విమోచనదినమందురు. మన యొద్ద 2022లో ఒకే నగరమునందు ఒకే ఉదయమున రెండు జెండాలు రెండు పేర్లతో ఎగిరినవి: రాష్ట్రప్రభుత్వము 'జాతీయ సమైక్యత' అనెను, కేంద్రప్రభుత్వము 'విమోచనము' అనెను. రాష్ట్రమున ప్రభుత్వము మారిన పిమ్మట 2024లో 'ప్రజాపాలన' అను మూడవ పేరు వచ్చెను. ఎఱ్ఱజెండావారికి అది సాయుధపోరాట వారోత్సవము. వారిలో కొందఱకు విద్రోహదినము. బిడ్డ పుట్టి డెబ్బదియేండ్లు దాటినను బారసాల ముగియలేదు. ప్రతివాడును తన తాతపేరు పెట్టుమని యూయల పట్టుకొని లాగుచున్నాడు.

ఈ లాగులాటలో ఎవ్వరును పిలువని పక్షమొకటి యున్నది. ఉట్నూరు నుండి కెరమెరి ఘాటు మీదుగా ఆసిఫాబాదునకు పోవు మార్గమున జైనూరు అను చిన్న యూరున్నది. చుట్టును గోండు, కొలాము, పరధాను, తోటి జనుల గూడెములు. 2016వ సంవత్సరము అక్టోబరు 11 వరకును అది ఆదిలాబాదు జిల్లాలో నుండెను. ఆనాటి నుండి కుమురం భీము పేరిట వెలసిన జిల్లాలో నున్నది. రాజ్యాంగపు అయిదవ షెడ్యూలునకు లోబడిన నేల యది. అచ్చటివారు ఈ పండుగను ఏమనుకొనుచున్నారో తెలిసికొనుటకు ఏ మంత్రియు, ఏ ప్రతిపక్షనాయకుడును, నేనెఱిగినంతవరకు ఏ పత్రికావిలేఖరియు ప్రయాసపడలేదు.

నాకు తెలిసినది ఒక్కటే సంగతి; అది యాదృచ్ఛికముగా తెలిసినది. కొన్ని సంవత్సరముల క్రిందట ఇట్టి యొక పండుగనాడు ఒక ప్రభుత్వ కార్యాలయపు ఆవరణలో నేను నిలువబడియుంటిని. జెండా యెగిరెను, గీతము పాడిరి, మిఠాయి పంచిరి. నా కక్షిదారుడైన ఒక గోండు పెద్ద మిఠాయిని తుండుగుడ్డకొనను ముడివైచుకొని నా దగ్గఱకు వచ్చి, "రాం రాం వకీల్ సాబ్. జెండ మంచిగ లేచింది. మా ఫైలు గూడ గట్లనే ఒక్కపారి లేవదాయె?" అనెను. ఆతని తండ్రి చేతినుండి జారిన నాలుగెకరముల చేను విషయమై ఆతడు వేసిన దరఖాస్తు ఆ యావరణలోనే ఏదో ఒక బీరువాలో నిద్రించుచుండెను. నేను నవ్వితిని. ఆతడు నవ్వలేదు. హాస్యమని నేననుకొన్నది ఆతనికి ప్రశ్న.

ఆ ప్రశ్ననే నేడు పత్రికాముఖమున నిలుపుచున్నాను.

మొట్టమొదట నా తప్పు నేను చెప్పుకొనవలెను. రాష్ట్రోద్యమదినములలో ఒక బహిరంగసభకు గుస్సాడీ బృందమును లారీలో నెక్కించి తెచ్చినవారిలో నేనుంటిని. అది గుస్సాడీ కాలము గాదు. దండారి పండుగ దీపావళి దినములది. ఏత్మాసూరు దేవరకు పూజచేసి మొదలిడి కోలాబోడితో ముగింతురు. ఆ నాళ్లలో మాత్రమే గుస్సాడీలు నెమలియీకల మల్‌బూర తలదాల్చి, మేన విభూతి పూసికొని, స్నానమాడక, నియమముతో ఊరూర తిరుగుదురు. ఒక యూరివారు వేఱొక యూరి కతిథులై పోవుదురు; ఆ రాకపోకలలోనే సంబంధములు కుదురును, పాత తగవులు తీరును. మనకు భజనగోష్ఠి యెట్టిదో, ఉపవాసవ్రతమెట్టిదో వారికి అది యట్టిది. మేము దానిని వేసవిలో, మధ్యాహ్నపుటెండలో, ధ్వనియంత్రముల నడుమ ఆడించితిమి. వక్త ఆలస్యముగా వచ్చినందున రెండు గంటలు ఆడించితిమి. తిరుగుప్రయాణమున ఒక వృద్ధుడు యీకల కిరీటమును ఒడిలో పెట్టుకొని దుమ్ము దులుపుచు ఒక్కమాటయు పలుకలేదు. ఆ మౌనమునకు నేనాడు అర్థము చెప్పుకొనలేకపోతిని. మీరు రాములవారి ఉత్సవవిగ్రహమును లారీలో నెక్కించి ఏ సంఘపు సభకో తోలుకొనిపోయి, జనము చేరువఱకు అచ్చట కూర్చుండబెట్టినచో మీ యూరి అర్చకుడు ఏమనును? అంతకన్న ఆతడు తక్కువ చెప్పలేదు.

నేడు ఏ ప్రభుత్వోత్సవమైనను అదే తంతు. పరేడు మైదానమున పోలీసుల కవాతు, పాఠశాలల పిల్లలు, తరువాత 'గిరిజన నృత్యము'. మూడు నిమిషములు. ఆ మూడు నిమిషముల తరువాత వారి మాట యేమని యడుగువాడు లేడు. కాళ్లకు వేదిక కలదు గాని నోటికి లేదు. కళను గౌరవింపరాదని నేననను. జైనూరు మండలపు మార్లవాయి గ్రామస్థుడు కనకరాజుగారు ఇందిరాగాంధీ ప్రధానమంత్రిగా నున్న కాలముననే ఢిల్లీకి గుస్సాడీ బృందమును నడిపించిరి. 2021లో పద్మశ్రీ పొందిరి. 2024 అక్టోబరులో పరమపదించిరి. ఆ మహనీయుని గౌరవించుట దేశమునకు గౌరవమే. ఒక్క కళాకారుని రాష్ట్రపతిభవనమునకు పిలిచి గౌరవించుట వేఱు, ఒక జాతి వ్రతమును ఏ ఋతువునందైనను తోరణమువలె వ్రేలాడదీయుట వేఱు. మొదటిది మర్యాద, రెండవది కూలికి పిలుచుట.

ఇది మన యొక్క దేశపు దుర్గుణమే కాదు. 1938వ సంవత్సరము జనవరి 26న ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఆంగ్లేయులు అచ్చట కాలుమోపిన నూటయేబదవ వార్షికోత్సవము జరిగెను. ఓడ దిగు దృశ్యమును మరల నటించి చూపవలెనని సంకల్పించిరి. తెల్లవారి పాత్రలకు నటులు దొరకిరి. పాఱిపోవు నల్లవారి పాత్రలకు సిడ్నీలోని ఆదిమవాసులు సమ్మతింపలేదు. అందువలన వందలకొలది మైళ్ల దూరపు మెనిందీ నుండి కొందఱిని రప్పించి, ఉత్సవము ముగియువఱకు పోలీసు ఆవరణలో నుంచిరి. ఆ దినముననే విలియం కూపర్, విలియం ఫెర్గూసన్, జాక్ పాటెన్ అను ఆదివాసీనాయకులు అదే నగరమున ఒక భవనమునందు నల్లదుస్తులతో సమావేశమై, ఈ దినము మాకు శోకదినమని తీర్మానించిరి. అమెరికాలో 1970లో ఇట్టిదే మఱొకటి జరిగెను. ప్లిమత్ రేవున వలసవచ్చినవారి 350వ వార్షికోత్సవమునకు వాంపనోగు జాతీయుడైన ఫ్రాంక్ జేమ్సును ఉపన్యసింప నాహ్వానించిరి. ఉపన్యాసమును ముందుగా చూపుమనిరి. చూచి, ఇది తగదు, వేఱొకటి వ్రాసి యిత్తుమనిరి. ఆతడు ఒప్పుకొనక కొండపై తనవారితో నిలిచి శోకదినము పాటించెను. నేటికిని ఏటేట పాటించుచున్నారు.

మన గోండులు సెప్టెంబరు 17న శోకదినము పాటించుట లేదు. పిలిచినచో వచ్చుచున్నారు, జెండాకు మ్రొక్కుచున్నారు. వారి యీ సహనము మన పుణ్యము. అయితే వారికి తమ పండుగల పట్టిక యొకటి వేఱుగా కలదు. దానిని చదువనేర్చినచో మన పండుగలకు వారిచ్చిన ప్రత్యుత్తరము అందుననే కానవచ్చును. పుష్యమాస అమావాస్యనాడు కేస్లాపూరులో మెస్రం వంశీయుల నాగోబా జాతర. ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాటులో భీము వర్ధంతి. ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినము. జనవరి 11న మార్లవాయిలో ఒక సమాధి యొద్ద కూడుదురు. ఏప్రిలు 20న ఇంద్రవెల్లి.

ముందు భీము సంగతి. సెప్టెంబరు 17 వేదికలపై భీము పటము తప్పక నుండును. నిజామునెదిరించిన వీరుడు గదా, విమోచనమునకు ఆద్యుడు గదా యని ఉపన్యాసకులు గంభీరముగా చెప్పుదురు. నిజమే. 1940లో జోడేఘాటు గుట్టపై నిజాము పోలీసుల తుపాకులకు ఆతడు నేలకొరగెను. కాని ఆతడు పోరాడినది దేనికొఱకు? అడవిని రిజర్వు చేసి, తరతరములుగా సాగుచేసికొనుచున్న భూములనుండి గోండులను వెడలగొట్టిన అటవీశాఖతో ఆతడు తలపడెను. పశువు మేసినచో పన్ను, కట్టె తెచ్చినచో పన్ను అను పాలనతో తలపడెను. జల్, జంగల్, జమీన్ అను మూడు మాటలు ఆతని పేరిట నిలిచినవి. ఆ మూడింటిలో సింహాసనము లేదు. సింహాసనమున నిజాము కూర్చున్నను మఱియొకడు కూర్చున్నను తన చేను తనకు దక్కవలెనని ఆతని పోరు. 1948లో రాజు మారెను. అటవీచట్టము మారెనా? ఈ ప్రశ్న వేయకుండ భీము పటమునకు దండ వేయువారు ఆతని మెడను గౌరవించి నోటిని మూయుచున్నారు.

ఇందుకు తార్కాణము కావలెనా? 2025వ సంవత్సరము మే 30న రాష్ట్రప్రభుత్వము 49వ సంఖ్యగల ఉత్తర్వు నొకదానిని వెలువరించెను. కవ్వాలు, తడోబా పులుల అభయారణ్యముల నడుమ పులుల రాకపోకలకు దారి యుండవలెనని, సుమారు 1,49,000 హెక్టారుల యడవిని, 339 గ్రామముల పరిసరములను సంరక్షణక్షేత్రముగా ప్రకటించెను. పులి బ్రతుకవలసినదే, నాకు దానితో తగవు లేదు. కాని ఆ క్షేత్రమునకు పెట్టిన పేరేమి? కుమురం భీము సంరక్షణక్షేత్రము! అడవి నుండి గెంటివేతను ఎదిరించి చచ్చినవాని పేరును, గెంటివేతురేమోయని ఆతని మనుమలు భయపడు ఉత్తర్వునకే పెట్టిరి. ఇది వ్రాసిన గుమాస్తాకు హాస్యప్రియత్వము మెండు, లేదా చరిత్రజ్ఞానము సున్న. గూడెములు మేలుకొన్నవి, బందులు జరిగినవి, జూలై 21న ప్రభుత్వము ఉత్తర్వును నిలుపుదల చేసెను. నిలుపుదల యనగా రద్దు కాదని న్యాయవాదినైన నాకు వేఱుగా నెవ్వరును చెప్పనక్కఱలేదు. ఆ మాట గోండులకును అర్థమైనది.

న్యాయముగా మఱియొక సంగతియు చెప్పవలెను. 2023వ సంవత్సరము జూను 30న ఆసిఫాబాదులో నాటి ముఖ్యమంత్రి పోడుభూములకు పట్టాల పంపిణీని ఆరంభించెను. రాష్ట్రమంతట నాలుగు లక్షల యెకరములకు పైచిలుకని ప్రకటించిరి. 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద పదునేడేండ్ల తరువాతనైనను అది జరిగినది. ఆ దినమున పట్టా అందుకొన్నవానికి అది పండుగయే; ఆతనికి వేదికయు ధ్వనియంత్రమును అక్కఱలేదు. కాగితము చాలును. నేనడుగుచున్న పండుగ అట్టిది.

ఇక ఇంద్రవెల్లి. 1981వ సంవత్సరము ఏప్రిలు 20, సోమవారము, సంతదినము. భూములకు పట్టాలు కావలెనని, పంటకు ధర కావలెనని, వడ్డీవ్యాపారుల దోపిడి మానవలెనని గిరిజన రైతుకూలీ సంఘము సభ తలపెట్టెను. సభకు అనుమతి లేదనిరి. సంతకు వచ్చినవారెవరో, సభకు వచ్చినవారెవరో తెలియని జనసందోహముపై పోలీసులు తుపాకులు పేల్చిరి. ప్రభుత్వము లెక్క పదుముగ్గురు మృతులు. పౌరహక్కులవారి లెక్క దానికి అనేక రెట్లు. ఆ లెక్కల నడుమనున్న వ్యత్యాసమే మన సిగ్గునకు కొలత. అది నిజాము కాలము గాదు, రజాకార్లు లేరు, భారతరాజ్యాంగము అమలులోనికి వచ్చి ముప్పదియొక్క యేండ్లు గడచినవి. తుపాకుల వెనుకనున్నవారి టోపీలపై మనము మ్రొక్కు మూడు సింహముల ముద్రయే యుండెను.

మృతుల జ్ఞాపకార్థము అచ్చట స్తూపము కట్టిరి. దానిని కూల్చిరి. మరల కట్టిరి. ఆపై సంవత్సరముల తరబడి ఏప్రిలు 20 వచ్చినదనిన 144వ సెక్షను వచ్చెడిది. దారులపై పోలీసుల కాపలా. తండ్రి చచ్చిన చోట కొడుకు పూవు పెట్టుటకు అనుమతిపత్రము. ఈ దేశమున చచ్చినవారికి పిండము పెట్టుటకు ఏ శాస్త్రమునందైనను పోలీసు అనుమతి చెప్పబడినదా? మొగలాయీలు అడిగిరా, తెల్లవారు అడిగిరా? జలియన్‌వాలాబాగులో 1919లో చచ్చినవారికి మనము జాతీయస్మారకము కట్టుకొంటిమి. బడిపిల్లలకు పాఠము చెప్పుచున్నాము. తుపాకి పట్టినవాడు పరాయివాడైనచో అది చరిత్రము. మనవాడైనచో అది శాంతిభద్రతల సమస్య. ఈ న్యాయము ఏ శాస్త్రమునందు నేర్చితిమో నాకు తెలియదు.

2024వ సంవత్సరము ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి ఇంద్రవెల్లికి పోయి స్తూపమునకు నమస్కరించి స్మృతివనమునకు పునాది వైచెను. నలుబదిమూడేండ్లకు ప్రభుత్వము తల వంచెను. అభినందించుచున్నాను, వంచిన తలను త్వరగా ఎత్తవలదనియు ప్రార్థించుచున్నాను. వనమునకు చెట్లు చాలును. స్మృతికి పేర్లు కావలెను. చచ్చినవారందఱి పేర్లును, గ్రామములును రాతిపై చెక్కి, పదుముగ్గురా అంతకు మిక్కిలియా అను తగవును ఆ రాయియే తీర్చునట్లు చేయవలెను.

అదే సంవత్సరము ఆగస్టు చివరను, సెప్టెంబరు ప్రారంభమునను జైనూరులో ఏమి జరిగెనో పాఠకులు మఱచియుండరు. ఒక ఆదివాసీ స్త్రీపై ఘోరమైన దాడి జరిగెను. సెప్టెంబరు 4న బందునాడు దుకాణములు తగులబడినవి, ప్రార్థనామందిరముపైకి రాళ్లు వచ్చినవి, నిషేధాజ్ఞలు వచ్చినవి. దాడి నేరము, ఎవరో ఒక్కని నేరమునకు ఒక మతమువారి బ్రతుకుతెరువును తగులబెట్టుటయు నేరమే. రెండింటికిని శిక్ష న్యాయస్థానమునదే. అటుపిమ్మట పదుమూడవ దినమున రాష్ట్రమంతట ప్రజాపాలన దినోత్సవము జరిగెను. కాలిన దుకాణముల మసి యింకను ఆరని యూరికి ఆ పేరు ఎట్లు వినబడియుండునో ఊహింపుడు.

చివరకు మార్లవాయి. ఇది మా వంటి జాతీయవాదులకు చేదుమందు, కనుక మింగవలసినదే. జనవరి 11న అచ్చటి గోండులు ఒక విదేశీయ దంపతుల సమాధి యొద్ద పూజచేయుదురు. ఆస్ట్రియా దేశీయుడైన హైమెండార్ఫు పండితుడును, ఆతని భార్య బెట్టీ ఎలిజబెతును ఆ సమాధిలోనివారు. రెండవ ప్రపంచయుద్ధము వచ్చినపుడు శత్రుదేశీయుడని ఆంగ్లేయులు ఆయనను హైదరాబాదు సంస్థానపు ఎల్లలలోనే నిర్బంధించిరి. భీము తిరుగుబాటు తరువాత గోండుల కష్టములను విచారించుటకు నిజాము ప్రభుత్వము ఆయనను నియోగించెను. ఆయన మార్లవాయిలో గుడిసె వేసికొని నివసించెను. గోండీభాషలో వాచకములు వ్రాయించెను. గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము పెట్టించెను. నాగోబా జాతరలో అధికారులు వచ్చి ఫిర్యాదులు వినునట్లు దర్బారు నేర్పాటు చేయించెను. వేలాది కుటుంబములకు భూమిపట్టాలు వచ్చునట్లు చేసెను. బెట్టీ 1987లో జనవరి 11న హైదరాబాదులో మరణించెను. ఆమెను మార్లవాయిలో సమాధి చేసిరి. ఆయన 1995లో లండనులో మరణించెను. ఆయన యస్థులును అచ్చటికే వచ్చినవి.

ఏ ప్రభుత్వపు సర్క్యులరు లేకుండ, ఏ వాహనమును పంపకుండ, జనము తమంత వచ్చు వర్ధంతి యిది. మన వేదికల కంత జనమును కూడగట్టుటకు ఎన్ని బస్సులు కావలసివచ్చునో ఎఱిగినవాడను గనుక చెప్పుచున్నాను. నిజాము కొలువులోని యొక విదేశీయుని గోండులు దేవునివలె తలచుచుండగా, విమోచనము తెచ్చిన మనలను అట్లు తలపకపోవుట కృతఘ్నతయా? కాదు. లెక్క. ఆయన 1970లలో మరల ఆదిలాబాదునకు వచ్చి, తాను ఇప్పించిన భూములు గోండుల చేతులనుండి ఎట్లు జారిపోయెనో చూచి తన గ్రంథమున వ్రాసెను. ఆ జారుట నిజాము కాలమున గాదు, మన కాలమున.

నిజాముకు నేను వకాల్తా పుచ్చుకొనుచున్నానని కొందఱు మిత్రులు ఇప్పటికే కలము దూయుచుందురు. పుచ్చుకొనుట లేదు. గోండులను ముందు కొట్టి, భీమును చంపి, తరువాత భయపడి పండితుని పంపినవాడు నిజాము. 1946లో గిరిజనప్రాంతముల నిబంధన చేసినదియు ఆ భయముననే. కాని భయముతోనైనను ఆతడు చేసిన నిబంధనను, ధర్మముతో వచ్చిన మనము ఏమి చేసితిమి? 1959లో ఒక భూబదలాయింపు నిబంధన చేసితిమి. 1963లో తెలంగాణమునకు వర్తింపజేసితిమి. 1970లో దానికి కోఱలు పెట్టితిమి. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదేయని ముందు తలపవలెను, కాదని ఋజువు చేయు భారము ఆక్రమించినవానిదే అను ధర్మసూత్రము అందున్నది. అంతకన్న మంచి చట్టము లేదు. అంతకన్న ఎక్కువగా బీరువాలలో నిద్రించు చట్టమును లేదు. 1996లో గ్రామసభలకు అధికారమిచ్చు చట్టము వచ్చెను. దానికి మన రాష్ట్రపు నియమములు వ్రాయుటకు 2011 వఱకు పట్టెను. షెడ్యూలు ప్రాంతపు పాఠశాలలలో ఉపాధ్యాయోద్యోగములన్నియు స్థానిక గిరిజనులకే యని 2000లో చేసిన మూడవ సంఖ్య ఉత్తర్వును 2020లో సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసెను. దానికి బదులుగా మార్లవాయి శిక్షణకేంద్రము చేసిన పనిని చేయునట్టి ఏర్పాటు వేఱొకటి కానరాదు. తీర్పును తప్పుపట్టుట నా యుద్దేశము గాదు. తీర్పు వచ్చిన పిమ్మట గోండీ తెలిసిన పంతులు పిల్లవానికి ఎట్లు దొరకునో చూచు బాధ్యత ఉత్సవసంఘముల కన్న ముఖ్యమైనది.

జాతిని చీల్చుచున్నావని మఱియొక ఆక్షేపణ. ఇంటిలో పెండ్లి జరుగుచుండగా దాయాదులలో నొకనికి విస్తరి వేయక, ఆతడు అడిగినచో కుటుంబమును చీల్చుచున్నాడందుమా? విస్తరి వేయుదుము. అడుగనిచో వాడు చాల మంచివాడని మెచ్చుకొని మఱింత మఱతుము. మనము గోండులను మెచ్చుకొనునది ఈ విధముననే.

కాబట్టి ఈ సెప్టెంబరునకు నేను కోరునవి స్వల్పములు, ధనవ్యయము లేనివి. జైనూరులో జెండా యెగిరిన తరువాత అధికారి తెచ్చుకొన్న ఉపన్యాసమును పక్కన పెట్టి, ఆ మండలమున భూబదలాయింపు నిబంధన క్రింద ఎన్ని దరఖాస్తులు పడియున్నవి, గడచిన సంవత్సరమున ఎన్ని తీరినవి, తీరినవానిలో ఎన్ని చేలలో గోండు మరల నాగలి పెట్టెను అను మూడు సంఖ్యలను గోండీలో చదివింపవలెను. పొరుగుననున్న నార్నూరు మండలపు గుంజాలలో దొరకిన గోండీలిపి వ్రాతప్రతులు నేడు ప్రపంచపు సంగణకములలో చోటు సంపాదించినవి. మన ఆహ్వానపత్రికలో మాత్రము ఇంకను చోటు సంపాదింపలేదు. ఆ లిపిలో ఒక్క పంక్తి అచ్చొత్తింపుడు. గుస్సాడీ ఆట కావలెనన్నచో దీపావళికి గూడెమునకు పోయి, అతిథివలె నేల కూర్చుండి చూడుడు. గూడెపు పటేలు అనుమతి లేక ఎవ్వరిని లారీ ఎక్కింపవలదు. ఏప్రిలు 20న ఇంద్రవెల్లికి పోవు దారిలో ఏ సంవత్సరమునను మరల పోలీసు అడ్డుకఱ్ఱ వేయబోమని సెప్టెంబరు 17ననే వేదికపైనుండి ప్రకటింపుడు. 49వ ఉత్తర్వు నిలుపుదలయో రద్దో ఆనాడే తేల్చి చెప్పుడు. రద్దు కాదందురేని దాని నెత్తిన భీము పేరైనను తీసివేయుడు.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు పట్టణవాసులకు ఒక మాట. మనలో ఉట్నూరు, జైనూరు దారిని పోయినవారు చాలమంది గలరు. కుంటాల జలపాతము చూచి వచ్చువారు గలరు. ఆ దారిప్రక్కనున్న దుకాణమునకు, ఆ చేనికి, ఆ ఇంటికి పట్టా ఎవరి పేర నున్నదో అడిగినవారు ఎందఱు? మన బంధువులలో ఎవరికైన అచ్చట బినామీ చేనున్నదేమో విచారించితిరా? నేను విచారించితిని. సమాధానము ఇంట భోజనపు పీటల యొద్ద సుఖముగా లేకపోయెను. మా కుటుంబపు ఆ సంగతి పత్రికకెక్కదగినది గాదు గాని, చేను తిరిగి ఇచ్చివేయుటకు కాగితములు తయారగుచున్నవని మాత్రము చెప్పగలను.

నా గోండు కక్షిదారుని దరఖాస్తునకు మరల వాయిదా పడినది. వాయిదా పండుగ తరువాతి వారమున. 17వ తేదీన నేనును జైనూరులోనే యుందును, జెండాకు వందనము చేయుదును, మిఠాయి పుచ్చుకొందును. ఆ పెద్దయు వచ్చెదననినాడు. మూడు సంఖ్యలు చదువుదురో లేదో ఇద్దఱమును నిలువబడి విందుము.